ఐదు బడులకు ఒక్క ప్రపంచం

నేను ఒక్క చోట కుదురుగా వేలాడిన రోజులు చాలా తక్కువ. ప్రపంచ పటం అనగానే మీకు తరగతి గోడ, దానికి కొట్టిన మేకు, పక్కనే బెత్తం పట్టుకున్న మాస్టారు గుర్తుకు వస్తారు. నా బతుకు అలా సాగలేదు. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న నా ఒంటి మీద భూమి మొత్తం ఉంది. ఆ భూమి మొత్తం చాలాకాలం ఒక పాత సైకిలు మీదే తిరిగింది.

నేను పుట్టింది మద్రాసులో, ఒక అచ్చాఫీసులో. నాలుగు కాగితాల మీద నాలుగు ముక్కలుగా అచ్చయ్యాను. కుప్పమ్మ అనే ఆమె మైదా జిగురు ఉడికించి, ఆ నాలుగు ముక్కల్నీ ఒక గుడ్డ మీద అతికించింది. అతికించేటప్పుడు ఆఫ్రికా దగ్గర కాస్త ముడత పడితే అరచేత్తో రాసి రాసి సరిచేసింది. పైన వార్నిష్ పూశారు. పైనొక కర్ర, కిందొక కర్ర బిగించారు. నా అంచుల చుట్టూ దేశాలు తిరిగిన ఎనిమిది మంది బొమ్మలు ఉన్నాయి: మార్కోపోలో, ఇబన్ బటూటా, హ్యూయాన్‌త్సాంగ్, కొలంబస్, వాస్కోడగామా, మాగెల్లాన్, కెప్టెన్ కుక్, లివింగ్‌స్టన్. అచ్చువేసినవాడు కొలంబస్ కింద మాగెల్లాన్ పేరు, మాగెల్లాన్ కింద కొలంబస్ పేరు పెట్టేశాడు. ఇద్దరికీ టోపీలున్నాయి, ఇద్దరూ సముద్రం వైపే చూస్తున్నారు. ఇన్నేళ్లలో ఎంతమంది చదువుకున్నవాళ్లు నా ముందు నిలబడ్డారో! చాలాకాలం ఒక్కరూ కనిపెట్టలేదు.

రైలెక్కి, లారీ ఎక్కి, చివరికి నాగావళి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన దిగాను. అక్కడ ఐదు ఊళ్లు, ఐదు బడులు. బడికొక ప్రపంచ పటం ఉండాలని పైనుంచి ఉత్తర్వు. వచ్చింది మాత్రం నేనొక్కదాన్నే. తక్కిన నాలుగూ దారిలో ఏమయ్యాయో నాకు తెలియదు. ఐదు బడుల వాళ్లూ వచ్చినట్టే సంతకాలు పెట్టారు, ఐదు రిజిస్టర్లలోనూ 'ప్రపంచ పటం, ఒకటి' అని రాసుకున్నారు. కాగితం మీద నేను ఐదుగురిని.

కాగితాన్ని నిజం చేయడానికి మనుషులు పడే పాట్లు చూడాలి. ఏడాదికొకసారి ఇన్‌స్పెక్టరు గారు జీపులో తనిఖీకి వస్తారు. ఐదు బడులూ ఒక్కరోజే. మొదటి బడి హెడ్మాస్టరు గేదెల దాలినాయుడి బీరువాలో నా కాపురం. ఆ రోజు పొద్దున్నే నన్ను తీసి గోడకు తగిలిస్తారు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, "మంచి మ్యాపు" అంటారు. ఆయన కొబ్బరిబొండం తాగుతూ ఉండగానే అటెండరు సింహాచలం నన్ను చుట్టేసి, తుపాకీలాగా భుజానికి తగిలించుకుని, చేలగట్ల మీదుగా అడ్డదారిన సైకిలు తొక్కేస్తాడు. జీపు రోడ్డు చుట్టుకుని వచ్చేసరికి నేను రెండో బడి గోడ మీద ఉంటాను, ఆయాసపడుతున్న సింహాచలం గోడ వెనక ఉంటాడు. "మంచి మ్యాపు" అంటారు ఇన్‌స్పెక్టరు గారు. ఆరేళ్లు ఇలాగే జరిగింది. సంవత్సరంలో ఒక్కరోజు భూమి అంత వేగంగా తిరిగేది, మిగిలిన మూడువందల అరవైనాలుగు రోజులు బీరువాలో నిలబడిపోయేది.

చీకట్లో నాకు కాళ్లు పీకేవి అంటే మీరు నవ్వుతారు. ఇన్ని నదులు ఒంట్లో పెట్టుకున్న దానికి కదలకుండా ఉండటం ఎంత కష్టమో నదుల్ని అడగండి.

ఐదో బడి ఏటికి అవతల ఉంది. పడవ దాటాలి. ఊరి పేరు కొత్తరేవు. అన్నీ చేపలు పట్టేవాళ్ల ఇళ్లు. తుఫాను షెల్టరు కింది గదే బడి. ఏడో ఏట ఆ బడికి మైలపిల్లి పుణ్యవతి పంతులమ్మగా వచ్చింది. సముద్రం ఒడ్డున మరో పల్లెలో వలలు అల్లుకునే ఇంటి పిల్ల. వాళ్ల ఇంట్లో, వాళ్ల వీధిలో బి.ఏ. అన్న రెండక్షరాలు మొదట ఆవిడ పేరు పక్కనే పడ్డాయి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ ఏడు తనిఖీ రిపోర్టులో ఇన్‌స్పెక్టరు గారు 'తృప్తికరం' అని రాస్తేనే ఖాయం. రాయకపోతే వేసవి సెలవులకు ఇంటికి వెళ్లిన మనిషి మళ్లీ రానక్కర్లేదని చెప్పేయవచ్చు.

తనిఖీ సోమవారం. ముందటి గురువారం పుణ్యవతి ఏరు దాటి దాలినాయుడి బడికి వచ్చింది. ఆయన బంధువుల పెళ్లికని సెలవు మీద ఉన్నాడు. బీరువా తాళం సింహాచలం మొలతాడుకి ఉంది.

"సింహాచలం గారూ, మ్యాపు నాలుగు రోజులు ఇవ్వండి. పిల్లలకి చూపిస్తాను."

"పిల్లలకా?" సింహాచలం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పిల్లలకెందుకు సూపిత్తారమ్మా? అది ఇన్‌స్పెట్రు గారికి సూపించడానికి కదా!"

"ఆదివారం సాయంత్రానికి తిరిగిచ్చేస్తాను. చీటీ రాసిస్తాను."

"సీటీ నానేటి సేసుకోను, నాకు సదువొస్తదేటి?" అన్నాడు గాని, ఆమె మొహం చూసి తాళం తీశాడు. "సినగనీకండి. సిరిగితే నాయుడు గారు నన్ను సింపుతారు."

ఆమె మాత్రం చీటీ రాసే ఇచ్చింది. 'ప్రపంచ పటం ఒకటి తీసుకున్నాను' అని తేదీ వేసి, కింద సంతకం పెట్టింది. ఆవిడ పద్ధతి అది.

ఆ రోజు మొదటిసారి నన్ను పిల్లల కోసం విప్పారు. ముప్పై ఇద్దరు. వాళ్ల చేతులకి ఉప్పు, చేపపొలుసు, పలక బలపం పొడి. పుణ్యవతి వద్దనలేదు. "తాకండి. అరిగితే అరుగుతుంది" అంది. నా ఒంటి మీద అన్ని వేళ్లు ఒకేసారి పాకితే ఎలా ఉంటుందో చెప్పలేను. ఆరేళ్లు మేకుకీ బీరువాకీ మధ్య బతికాను మరి.

మొదట బొమ్మల దగ్గర ఆగారు.

"ఈలందరూ ఎవలండీ?"

"సముద్రాల మీద, ఎడారుల మీద కొత్త దేశాలకి దారులు వెతుక్కుంటూ పోయినవాళ్లు."

"మా మావ కూడా సేపల ఏటకి పరాదీపు దాకా ఎల్లినాడండీ" అన్నాడు ఎరకయ్య అనే మూడో తరగతి పిల్లవాడు. "ఆడి బొమ్మ ఎయ్యరేటండీ?"

"మీ మావ తిరిగొచ్చేశాడు కదరా" అంది పుణ్యవతి. "తిరిగొచ్చినవాళ్లకి బొమ్మలు వెయ్యరు, కూడు పెడతారు."

పిల్లలు పకపకా నవ్వారు. తర్వాత నదులు మొదలయ్యాయి. నైలు, అమెజాన్, యాంగ్‌ట్సీ, కాంగో, ఓల్గా, డాన్యూబ్. పుణ్యవతి ఒక్కొక్క పేరూ చెప్పి, వంకరలన్నీ తిరుగుతూ వేలు నడిపించింది. అంతా విన్నాక దానమ్మ అనే పిల్ల లేచి అడిగింది.

"మన ఏరు ఏదండీ?"

పుణ్యవతి ఇండియా తూర్పు ఒడ్డున గోదావరికి పైన చూపించింది. "ఇక్కడ ఉంటుందమ్మా. చిన్నది కదా, అందుకని గియ్యలేదు."

"సిన్నదా!" దానమ్మ గొంతు లేచింది. "నిరుడు మా గేదె కొట్టుకుపోనాదండీ! పెదకాకమ్మ వోలింటి గోడ కూలిపోనాది! సిన్నదంటారేటండీ?"

గది అంతా ఒక్కసారి గోల. మన ఏరు లేని మ్యాపు మనకెందుకండీ అన్నారు. అమెజానో గిమెజానో, అందులో మా గేదె పోలేదండీ అన్నారు. ఎంత నచ్చజెప్పినా నైలు నది పేరు ఒక్కరూ పలకలేదు. ముప్పై ఇద్దరూ మూతులు బిగించుకుని కూర్చున్నారు.

మరునాడు పుణ్యవతి నన్ను నేల మీద పరిచింది. కండె నుంచి వల అల్లే దారం తీసింది. ఎవరో పెద్దాయన చెప్పిన ఏటి పొడవుని నా మూల ఉన్న కొలబద్దతో సరిచూసుకుంది. తర్వాత బుష్‌షర్టు జేబుల్లో పెట్టుకునే మామూలు నీలం కలం తీసి, ఊపిరి బిగబట్టి, తూర్పు ఒడ్డున గోరు పొడవు గీత గీసింది. అంతే. వెంట్రుకంత సన్నం. కలం పట్టిన దగ్గర్నుంచి నియమం తప్పని మనిషి గీసిన గీత అది.

"ఇదిగో నాగావళి" అంది.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరం కాలేదు. దారాన్ని నదుల వంకర వెంట పరిచి, ఎంత పొడవైతే అంత తెంపి, ఒక్కొక్కరికీ ఒక నది ఇచ్చేసింది. నైలు జానెడు వచ్చింది, దాన్ని దానమ్మ గుంజుకుంది. ఎరకయ్యకి ఓల్గా పడింది, సగమే ఉందని ఏడ్చాడు. మన ఏరు ఎన్ని కలిస్తే నైలు అవుతుందో గోరు పెట్టి కొలిచారు. ఇరవై ఆరు. "ఇరవయ్యారు గేదెలు కొట్టుకుపోతాయండీ" అని దానమ్మ తేల్చింది.

నాలుగు రోజులు నాకు నిద్ర లేదు. అంత హాయి మళ్లీ ఎరగను.

ఆదివారం సాయంత్రం సింహాచలం వచ్చాడు. నన్ను చుట్టబోతూ ఆగాడు.

"ఇదేటమ్మా, ఇక్కడేటో పాకినట్టుంది? సీమేటి?"

"చీమ కాదు. నాగావళి. నేనే గీశాను."

"సచ్చేను బాబోయ్!" సింహాచలం నేల మీద చతికిలపడ్డాడు. "గవర్మెంటు మ్యాపు మీద గీతెట్టీసినారా! రేపు నాయుడు గారికి ఏటి సెప్పను?"

పుణ్యవతి వద్దంటున్నా వినకుండా బొటనవేలు నాలిక మీద తడుపుకుని రుద్దాడు. నా వార్నిష్ అప్పటికే పిల్లల చేతుల్లో పల్చబడింది. గీత కరిగి పాకింది. ఇంకా రుద్దాడు. ఇంకా పాకింది. చివరికి నాగావళి బొటనవేలంత మరక అయి, ఒరిస్సా సగం ముంచేసింది. ఇండియాలో అంత పెద్ద జలాశయం ఇంకెక్కడా లేదు.

సోమవారం పొద్దున్న దాలినాయుడు చూశాడు. మనిషి ముందు ఎర్రబడ్డాడు, తర్వాత తెల్లబడ్డాడు.

"ఆ పంతులమ్మ సంగతి రాతపూర్వకంగా రాసి పంపుతాను! ఎవరిచ్చార్రా తాళం? సరే, సరే, ముందు ఇది కప్పెట్టు. జెండా కాగితం ఏదీ? గంజి తే!"

ఆగస్టు పదిహేనుకి తోరణం కట్టిన కాగితం జెండా ఒకటి తెంపి, గంజి రాసి మరక మీద అతికించారు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి నా ముందు నిలబడ్డారు. "జెండా పెట్టారే! దేశభక్తి. బాగుంది" అన్నారు. దాలినాయుడు కండువాతో నుదురు తుడుచుకున్నాడు.

రెండో బడిలో ఆయన నన్ను చూసి తల వంచారు. "ఇక్కడా జెండాయేనా?"

"ఐదు బడులూ కలిసి తీర్మానం చేసుకున్నామండి" అన్నాడు అక్కడి హెడ్మాస్టరు. ఆ క్షణంలో పుట్టిన అబద్ధం అది. వినడానికి బాగానే ఉంది.

మూడో బడికి వచ్చేసరికి ఎండకి గంజి ఆరి జెండా ఒక మూల లేచింది. ఇన్‌స్పెక్టరు గారు దగ్గరకు వచ్చి, ఆ మూల పట్టుకుని మెల్లగా ఎత్తారు. మరక చూశారు. మళ్లీ జెండా నొక్కేశారు. 'మంచి మ్యాపు' అనలేదు. కొబ్బరిబొండం వద్దన్నారు. నాకు అప్పుడు అర్థమైంది. మచ్చ లేనంతకాలం నేను ఐదు పటాల్లో ఏదైనా కావచ్చు. మచ్చ పడ్డాక నేను నేనే.

బొండం తాగకపోవడంతో లెక్క తప్పింది. నాలుగో బడి దారిలో సింహాచలం ఇంకా గట్టు దిగి రోడ్డెక్కుతూ ఉండగానే వెనక నుంచి జీపు వచ్చి పక్కన ఆగింది.

"భుజాన ఏమిటయ్యా అది?"

"ఏటీ నేదండి. సాపండి."

"ఎక్కడికి?"

సింహాచలం నన్ను ఒకసారి, ఆయన్ని ఒకసారి చూశాడు. అబద్ధం చెప్పడానికి ఊపిరి మిగల్లేదు పాపం. "తమరెల్తన్న సోటికేనండి. ఆ మరక ఏటవతల బడిలో పడినాదండి."

"అయితే ఎక్కు. సైకిలు వెనకాల కట్టు. నాలుగో బడి తర్వాత చూద్దాం, ముందు ఏరు దాటుదాం."

జీపులో ఇన్‌స్పెక్టరు గారి ఒళ్లో నన్ను పెట్టారు. జీపు ఒడ్డున వదిలి పడవెక్కారు. పడవవాడు, "సాప కొత్తదేటి బావూ?" అని సింహాచలాన్ని అడిగాడు. సింహాచలం నీళ్ల వైపు తిరిగిపోయాడు.

పుణ్యవతి గుమ్మంలో నమస్కారం పెట్టింది. ఇన్‌స్పెక్టరు గారు నన్ను చంకలో పెట్టుకునే లోపలికి వచ్చారు.

"మీ బడికి ప్రపంచ పటం ఉందా అమ్మా?"

రిజిస్టరు బల్ల మీద ఉంది. ఉందని అందులో రాసి ఉంది. కాని ఆమె కళ్లు ఆయన చంకలోని నా మీద ఉన్నాయి.

"రిజిస్టర్లో ఉందండి. బడిలో లేదు."

"మరి మీరు భూగోళం ఎలా చెప్పారు?"

ఆమె పిల్లల వైపు తల ఊపింది. ముప్పై ఇద్దరూ జేబుల్లోంచి, పరికిణీ బొడ్లోంచి దారం ముక్కలు తీసి నేల మీద పరిచారు. గోడ మీద ఏమీ లేదు. నేల మీద మాత్రం భూమి ఏర్పడింది. దానమ్మ నైలుని కింది నుంచి పైకి పెట్టి, "ఇది పైకి పారుద్దండీ, మన ఏరులాగ తూరుపుకి పారదు" అని చెప్పింది. ఇన్‌స్పెక్టరు గారు చెప్పులు విడిచి దాని మీదుగా జాగ్రత్తగా నడిచారు. ఓల్గా తొక్కబోతే ఎరకయ్య "కాలు తీయండి!" అని అరిచాడు. ఆయన తీశారు.

తర్వాత ఆయన నన్ను బల్ల మీద విప్పి, జెండా పీకి, మరక చూపించారు. గొంతు తగ్గించారు. "ఇది నేను రాయకుండా ఉండలేను. చిన్నపిల్లలెవరో గీశారని రాస్తాను. మీ మీదకి రాదు. మీ ఉద్యోగం ఖాయమైపోతుంది. సరేనా?"

ఆయన చెడ్డవాడు కాడు. ఆరేళ్లుగా ఐదు రిజిస్టర్లలోనూ 'చూశాను' అని సంతకం పెట్టినవాడు. ఆయన బాధ ఆయనది.

పిల్లలు వింటున్నారు.

"వీళ్లెవరూ గియ్యలేదండి" అంది పుణ్యవతి. "నేనే గీశాను. తీసుకున్నట్టు చీటీ కూడా రాసిచ్చాను."

"అమ్మా, ఆలోచించుకుని..."

"ఆలోచించుకునే చెబుతున్నానండి. తప్పు వీళ్ల పేరున రాస్తే, రేపు నేను చెప్పే పాఠం వీళ్లు నమ్మరు."

ఆయన కూర్చుని రాశారు. చాలాసేపు రాశారు. బోధన బాగుంది. పటం పాడైంది, రిజిస్టరు నుంచి కొట్టివేయవచ్చు. ప్రభుత్వ వస్తువు పాడైనందుకు ఉపాధ్యాయిని బాధ్యురాలు, ఖాయం చేయడం ఒక ఏడాది వాయిదా. తక్కిన నాలుగు బడుల మాట ఎక్కడా రాలేదు. పుణ్యవతి మొత్తం చదివి, కింద సంతకం పెట్టింది. అక్షరం కూడా వంకరపోలేదు.

"కొట్టేసిన మ్యాపుని ఏం చెయ్యాలండి?"

"ఎక్కడైనా పారెయ్యండి" అన్నారు ఆయన, చెప్పులు తొడుక్కుంటూ.

ఆమె షెల్టరు గోడకి మేకు కొట్టి నన్ను తగిలించింది.

అప్పుడైనా కుదురుగా ఉన్నానా? లేదు. సముద్రపుగాలికి నా కింది కర్ర పొద్దస్తమానం గోడను కొట్టుకునేది. ముప్పై ఇద్దరి వేళ్లు రోజూ నా మీద ప్రయాణం చేసేవి. ఇబన్ బటూటా గడ్డం ఊడిపోయింది. లివింగ్‌స్టన్‌కి ఎవరో మీసం పెట్టారు. పుణ్యవతి ఆ ఏడాదంతా పోస్టుమాన్ పడవ దిగినప్పుడల్లా పాఠం మధ్యలో ఆగిపోయేది. తీసేస్తున్నామన్న కాగితం ఏ రోజైనా రావచ్చు. మిగతా నాలుగు బడుల రిజిస్టర్లలో నేను ఇంకా కొత్తగానే ఉన్నాను. ఒకసారి సింహాచలం వచ్చి గడప మీద కూర్చుని, "ఒక్కరోజుకి ఇత్తారేటమ్మా?" అని అడిగాడు. నన్ను చూసి, తనే తల అడ్డంగా ఊపుకుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

అన్నిటికంటే ఎక్కువ అరిగింది ఒక్క చోటే. వచ్చిన ప్రతి చుట్టానికీ, ప్రతి పడవవాడికీ, కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ, "మనూరు ఇక్కడ" అని చూపించారు కదా. మరక పోయింది, రంగు పోయింది, కాగితం పోయింది. కుప్పమ్మ అతికించిన గుడ్డ కూడా పోయి, చివరికి తూర్పు ఒడ్డున వేలు పట్టేంత కన్నం పడింది.

మరుసటి ఏడు కొత్త ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసి, కళ్లజోడు సర్దుకుంది.

"ఇదేం మ్యాపు? రష్యా ఉంది, చైనా ఉంది. మీ ఊరున్న చోట కన్నం ఉంది!"

దానమ్మ లేచి వచ్చింది. కన్నంలోకి వేలు పెట్టి, వెనకనున్న షెల్టరు గోడను తాకింది.

"ఉందండి. ఇదిగోండి మా ఊరు."

ఇన్‌స్పెక్టరమ్మ వంగి కన్నంలోంచి చూసింది. అక్కడ తడిసిన సున్నం గోడ ఉంది. ఒక గండుచీమ నింపాదిగా పోతోంది. ఆమె నవ్వాపుకోలేక కుర్చీ అడిగి కూర్చుంది, పిల్లల్ని రెండు గంటలు ప్రశ్నలడిగింది, కొలంబస్ పేరు తప్పుందని కూడా పట్టుకుంది. ఎవరో ఒకరు పట్టుకున్నారు, చాలు. వెళ్లేముందు 'తృప్తికరం' అని రాసింది. నెల తిరక్కుండా పుణ్యవతి పేరున ఖాయం ఉత్తర్వు పడవ దిగింది.

ఆ రోజు ఆమె సూది, దారం, పాత చీర ముక్క పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. "దీని రుణం తీర్చుకోవాలి, కన్నానికి అతుకేస్తాను" అంది.

పిల్లలు అడ్డంగా నిలబడిపోయారు.

"వొద్దండీ" అంది దానమ్మ. "అతుకేత్తే మనూరు కప్పడిపోద్దండీ."